ఒక్క సున్నా వల్ల ఆగిపోయిన కాల్స్: నా అనుభవం

విజయనగరం కోట సమీపంలోని మా గోనెసంచుల కొట్టులో ఇంటర్నెట్ ద్వారా కాల్స్ నడిపే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో సర్వర్ పెట్టిన వారానికే, సెల్ నంబర్లకు కొన్ని కాల్స్ వెళ్తూ, ల్యాండ్‌లైన్లకు ఒక్కటీ వెళ్లని పరిస్థితి వచ్చింది. నేను మొదట కేబుల్‌ను అనుమానించి ఒక పూట వృథా చేశాను.

కాల్ సందేశాలను చూపే సిప్ డీబగ్ తెరిచి, ఒక స్థానిక ల్యాండ్‌లైన్‌కు మా ఎస్టీడీ కోడ్ 08922తో చేసిన కాల్‌ను చూస్తే, బయటికి వెళ్తున్న ఇన్వైట్‌లో (కాల్ కలపమనే సందేశంలో) నంబరు +9108922తో మొదలవుతోంది, వెంటనే 404 జవాబు, అంటే ఆ నంబరు దొరకలేదని, వస్తోంది. ఇంటర్నెట్ కాల్‌ను టెలిఫోన్ వ్యవస్థకు అప్పగించే గేట్‌వే, అంకెలను ఎడమవైపు నుంచి పోల్చి దారి ఎంచుకుంటుంది, ఈ.164 అనే అంతర్జాతీయ నంబర్ల పద్ధతిలో దేశం కోడ్ తర్వాత ఎస్టీడీ సున్నాకు చోటు లేదు. నేను రాసిన నియమం మాత్రం ఏ నంబరుకైనా ముందు +91 తగిలించేది. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు సున్నా కలిపి చేయాలన్న నిబంధన 2021 జనవరి 15న వచ్చినప్పటి నుంచి మా గుమస్తా గారికి అదే అలవాటు కాబట్టి, ఆయన సెల్ కాల్స్ కూడా ఆగిపోయాయి.

మొదటి అంకె సున్నా అయితే దాన్ని తీసేసి +91 చేర్చమని, ఆరంకెల స్థానిక నంబరుకు +918922 చేర్చమని డయల్‌ప్లాన్ (నొక్కిన నంబరును ఎలా పంపాలో చెప్పే నియమాలు) మార్చాను. అత్యవసర నంబరు 112ను మాత్రం, సర్వర్‌ను కొట్టులోని ల్యాండ్‌లైన్‌కు కలిపే ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకే మళ్లించాను, ఎందుకంటే ఎక్కడో ఉన్న గేట్‌వేకు మేము విజయనగరంలో ఉన్నామని తెలియకపోవచ్చు. ఆ సాయంత్రం గుమస్తా గారు శ్రీకాకుళానికి 08942తో చేసిన కాల్ మొదటిసారే కలిసింది.