ఇంట్లోకి వచ్చిన చిట్టికప్పను పోల్చుకోవడం ఎలా? ముట్టుకోవచ్చా?

తొలకరి పడిందంటే చాలు, నా ఫోన్‌కి కప్పల ఫొటోలు మొదలవుతాయి. "టీచర్ గారూ, బాత్రూములో కనిపించింది, మా బాబు పట్టేసుకున్నాడు, విషమా?" అని తల్లుల కంగారు. కోనసీమలో ఇంటి ముందు పంటకాలవ, వెనక కొబ్బరితోట. ఇక కప్ప రాకుండా ఎలా ఉంటుంది! బయాలజీ చెప్పేదాన్ని కాబట్టి అందరికీ ఒకటే చెబుతుంటాను: చీపురు పక్కన పెట్టి, ముందు దాని వేళ్లు చూడండి.

చాలామంది రంగు చూసి చెప్పమంటారు. రంగును నమ్మకండి. బాత్రూము గోడకు అతుక్కుని కనిపించే చెట్టుకప్ప పొద్దున లేత గోధుమరంగులో ఉండి, సాయంత్రానికి ముదురు మట్టిరంగుకు మారొచ్చు. రెండూ ఒకే కప్ప. దాన్ని పట్టిచ్చేవి వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు. వాటితోనే నున్నటి టైల్స్ మీద కూడా జారకుండా పాకుతుంది. కాలు చాపినప్పుడు తొడ వెనక ముదురు రంగు మీద పసుపు చుక్కలు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. కిటికీ అద్దం మీద ఎక్కి ఉంటే అవతలి వైపు నుంచి ఫొటో తీయండి, వేళ్లు స్పష్టంగా పడతాయి. దీనివల్ల మనకు భయం లేదు.

వేళ్లకు బిళ్లలు లేకపోతే చర్మం చూడండి. పొడిగా, గరుకుగా, ఒళ్లంతా బొడిపెలుంటే, కంటి పైన నల్లటి గట్టు ఉంటే, కంటి వెనక చిక్కుడుగింజలా ఉబ్బిన గ్రంథి ఉంటే అది బోదురుకప్ప. విషం ఎక్కువగా ఆ గ్రంథుల్లోనే ఉంటుంది. నొక్కితే పాలలాంటి ద్రవం వస్తుంది. చేతికి అంటితే కడుక్కుంటే సరిపోతుంది. కానీ కంట్లోకీ నోట్లోకీ పోకూడదు. పులిపిర్లు వస్తాయన్నది మాత్రం వట్టి మాట. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, కప్ప వల్ల కాదు.

తికమక పెట్టేవి బోదురుకప్ప పిల్లలు. వేలిగోరంత ఉండి, నల్లగా, గట్ల మీద గుంపులు గుంపులుగా గెంతుతుంటాయి. ఆ వయసులో గ్రంథులు సరిగా కనిపించవు. గరుకు చర్మంతో నల్లటి చిట్టికప్ప కనిపిస్తే బోదురుకప్ప కిందే లెక్కేసుకోండి.

రాత్రి వరండా లైటు కిందికి పురుగుల కోసం వచ్చేది ఇంకోటుంది, మైక్రోహైలా అనే చిట్టికప్ప. దాదాపు రెండు, రెండున్నర సెంటీమీటర్లే ఉంటుంది. మూతి సన్నం, ఒళ్లు ముక్కోణం, వీపు మీద ముదురు మచ్చ. అంత చిన్న ఒంట్లోంచి అంత గట్టి అరుపు వస్తుందంటే పిల్లలు నమ్మరు! వీపు మీద సన్నటి గట్లు, చాలాసార్లు మధ్యలో ఒక లేత గీత ఉంటే వరిచేల కప్ప. నీళ్లలో కళ్లు మాత్రం పైకి పెట్టి తేలుతూ, మనం దగ్గరకెళ్లగానే నీటి మీదే గెంతుకుంటూ పోయేది చెరువుకప్ప. ఈ మూడింటితోనూ ప్రమాదం లేదు.

ముట్టుకుంటే ప్రాణం పోయే కప్పల వీడియోలు చూసి భయపడుతుంటారు. అవి కొలంబియా అడవుల్లోవి. వాటి విషం కూడా అక్కడ తినే పురుగుల నుంచి వచ్చేదే, పెంపకంలో పుట్టినవాటికి అది ఉండదు. అలాంటి కప్పలు మన దగ్గర లేవు.

నిజానికి మన చేతివల్ల కప్పకే ఎక్కువ ముప్పు. అది చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది, నీళ్లూ చర్మంతోనే తాగుతుంది. శానిటైజరు, దోమల క్రీము, ఉప్పు, పసుపు ఏది అంటినా లోపలికి పీల్చేసుకుంటుంది. దయచేసి ఉప్పు చల్లకండి, నరకయాతన పడుతుంది. తీయాల్సి వస్తే పైనుంచి ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కిందికి అట్టముక్క నెట్టి, సాయంత్రం నీడన తడిగా ఉన్న కుండీ దగ్గర వదలండి. చేత్తోనే పట్టాలంటే సబ్బు లేని మంచినీళ్లతో చేతులు తడుపుకోండి, నడుము నొక్కకండి. వదిలాక మాత్రం సబ్బుతో బాగా కడుక్కోవాలి, ఎందుకంటే ఏ కప్ప ఒంటి మీదైనా కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లల్ని చూడనివ్వండి, పట్టుకోనివ్వద్దు.

బోదురుకప్ప ద్రవం కంట్లో పడితే రుద్దకుండా పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడగండి, మంట తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. కుక్క నోట కరచుకుంటే తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా నోటి పక్కనుంచి కడిగి, తడిగుడ్డతో చిగుళ్లు తుడవండి. చొంగ ఆగకపోయినా, తూలినా వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి. ఇంకొక్క మాట: బోదురుకప్పను మందు పేరుతోనో, కూర పేరుతోనో ఎవరు పెట్టినా తినకండి. ఉడికించినా ఆ విషం పోదు, ప్రాణాలు తీస్తుంది.