ఉప్పుగాలిలో చిన్న విమానం కంట్రోల్స్: సమస్య - పరిష్కారం

విశాఖలో విమానాన్ని హ్యాంగర్‌లో పెట్టినా, బయట తాళ్లతో కట్టేసినా ఉప్పుగాలిని తప్పించలేం. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అదే గాలి రెక్కల్లోకీ తోకలోకీ దూరుతుంది. అక్కడ రంగు వేయడానికి వీల్లేని ఉక్కు కేబుళ్లు ఉంటాయి. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు పొడి, ఇనుప ఖనిజం పొడి కూడా దానికి తోడవుతుంది. కేబుల్ మీద ఉన్న నూనెలో ఆ పొడి కలిస్తే తీగను అరగదీసే ముద్దలా తయారవుతుంది.

సెస్నా 152, 172 లాంటి, కేబుళ్లతో నడిచే కంట్రోల్స్ (పైలట్ కదలికను రెక్కల, తోక పలకలకు చేర్చే ఏర్పాటు) ఉన్న విమానాల గురించి, శిక్షణలో ఉన్న పైలట్లనూ కొత్తగా హ్యాంగర్‌లో అడుగుపెట్టిన ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్) విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సర్దుబాట్లు, మార్పిడులు లైసెన్సున్న ఏఎంఈ పని. అంకెలన్నీ మీ విమానం సర్వీస్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి. పైలట్ పని తేడా కనిపెట్టడం, స్నాగ్ (లోపం గురించిన నమోదు) రాయడం, అది తేలేదాకా ఎగరకపోవడం.

కంట్రోల్స్‌లో లోపం చాలాసార్లు చిన్న తేడాగానే మొదలవుతుంది. ఆ తేడాని సర్దేయడం సులువు కూడా. టర్న్‌బకుల్‌ను (కేబుల్ బిగువును సర్దే మరల బిగింపును) రెండు చుట్లు తిప్పితే వదులు పోతుంది, సంతకం పెట్టేయవచ్చు. కానీ కేబుల్ ఎందుకు వదులైందో తెలియకుండా బిగిస్తే లోపం పోలేదు, దాని ఆనవాలు మాత్రమే పోయింది. నేను పదే పదే చెప్పేది ఈ ఒక్క మాటే.

యోక్ (పైలట్ చేతిలోని స్టీరింగ్) తిప్పితే స్పందన ఆలస్యంగా వస్తోంది, వదులుగా ఉంది

ముందు ఎండ సంగతి చూడాలి. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఏప్రాన్ (విమానాలు నిలిపే ఆరుబయలు) మీద నిలబెట్టిన విమానంలో బాడీ సాగినంతగా కేబుల్ సాగదు కాబట్టి టెన్షన్ ఎక్కువ చూపిస్తుంది. జనవరి తెల్లవారుజామున అదే కేబుల్ కాస్త వదులుగా ఉంటుంది. అందుకే విమానాన్ని కొన్ని గంటలు నీడలో ఉంచి, అంతా ఒకే వేడికి వచ్చాక, పుల్లీలకూ టర్న్‌బకుళ్లకూ దూరంగా టెన్షన్ మీటర్ పెట్టి కొలవాలి. ఆ పూట ఉష్ణోగ్రతకు మాన్యువల్ ఎంత ఉండాలంటుందో దానితో పోల్చాలి. చేత్తో నొక్కి 'బాగానే ఉంది' అనడం కొలత కాదు.

కొలత నిజంగానే తక్కువ వచ్చిందనుకుందాం. కొత్త కేబుల్ అయితే మొదట్లో కొంచెం సాగుతుంది, అది మామూలే. పాత కేబుల్ వదులైతే మాత్రం అనుమానించాల్సిందే. లోపల తీగలు తెగుతున్నాయా, పుల్లీ బ్రాకెట్ వంగిందా, బెల్‌క్రాంక్ (కదలిక దిశను మార్చే మీట) బోల్టు రంధ్రం అరిగి పెద్దదైందా, టర్న్‌బకుల్ లాక్‌వైర్ (తిరగకుండా కట్టే తీగ) ఊడి అదే తిరిగిపోతోందా అని ఒక్కొక్కటీ చూడాలి.

తీగలు తెగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కంట్రోల్స్‌లో వాడే కేబుళ్లలో 7×19 రకం బాగా వాడుకలో ఉంది: ఏడు పురులు, ఒక్కో పురిలో పంతొమ్మిది తీగలు, మొత్తం 133. ఇవి ఎక్కడపడితే అక్కడ తెగవు. పుల్లీ మీదుగా వంగి, మళ్లీ సాపు అయ్యే చోట ఎక్కువగా తెగుతాయి. యోక్‌ను ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పితే పుల్లీ దగ్గర దాగిన భాగం బయటికి వస్తుంది. అక్కడ నూలు గుడ్డ చుట్టి కేబుల్ పొడవునా నడపాలి. తెగిన కొస ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. వట్టి వేళ్లతో ఎప్పుడూ చేయకండి, ఆ కొసలు సూదుల్లా దిగుతాయి.

గుడ్డకు దొరకని తెగిన తీగలూ ఉంటాయి. అనుమానం ఉంటే టెన్షన్ తీసేసి కేబుల్‌ను కొద్దిగా వంచి చూడాలి. టెన్షన్ తీసే ముందు మిగతా కేబుళ్లు పుల్లీల మీంచి జారిపోకుండా కట్టిపెట్టుకోవాలి. పైన తుప్పు మరక కనిపిస్తే కేబుల్‌ను పురికి ఎదురుగా మెల్లగా తిప్పి, పురులు విప్పారేలా చేసి లోపలికి చూడండి. లోపలి తీగల మీద తుప్పు ఉంటే ఇక తుడవడం, నూనె రాయడం లేదు, ఆ కేబుల్ మార్చాల్సిందే. మన ఊళ్లో ఈ ఒక్క పరీక్ష వదిలేస్తే మిగతావన్నీ చేసినా లాభం లేదు. తుప్పు పైపైనే ఉంటే పొడి గుడ్డతోనో మెత్తని పీచు బ్రష్‌తోనో తుడిచి, తుప్పు నిరోధక ద్రవం పల్చగా రాయాలి. స్టీల్ ఊలు వాడకూడదు, దాని రేణువులు కేబుల్‌లో ఇరుక్కుని కొత్త తుప్పు తెస్తాయి. పెట్రోలు, థిన్నర్ పోయకూడదు. తయారీలో లోపల పెట్టిన నూనెను అవి కడిగేస్తాయి, తర్వాత ఉప్పుగాలికి అడ్డే ఉండదు.

కేబుల్ కొసన బిగించిన స్టీల్ టెర్మినళ్లనూ నమ్మి వదిలేయకండి. స్టెయిన్‌లెస్ అని పేరే గానీ, ఉప్పులోని క్లోరైడు తగిలితే, పైన లాగుడు ఉంటే, వెంట్రుక వాసి పగుళ్లు వస్తాయి. పదింతలు పెద్దగా చూపే భూతద్దం, మంచి టార్చి తీసుకుని, లాక్‌వైర్ చుట్టిన చోట కూడా వైరు విప్పి చూడాలి. సూదిమొన గుంటలు, గోధుమరంగు గీత కనిపిస్తే ఆ భాగం పనికిరాదు.

ఇవన్నీ చూశాకే టర్న్‌బకుల్ ముట్టుకోవాలి. బిగించాక బారెల్‌కు (దాని మధ్య గొట్టానికి) రెండు వైపులా మూడు మరల కంటే ఎక్కువ బయట కనిపించకూడదు. లాక్‌వైర్ ప్రతిసారీ కొత్తది వేయాలి.

యోక్ గట్టిగా ఉంది, గరగరమంటోంది, మధ్యలో పట్టేస్తోంది

చాలామంది మొదట గ్రీజు డబ్బా తీస్తారు. ముందు పుల్లీని చదవండి. చిన్న విమానాల్లో గోధుమరంగు ఫినాలిక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పుల్లీలు తరచుగా కనిపిస్తాయి, జరిగిందంతా వాటి గాడిలో రాసి ఉంటుంది. గాడి చుట్టూ సమానంగా లోతుగా అరిగితే కేబుల్ టెన్షన్ చాలాకాలంగా ఎక్కువ ఉందని అర్థం. ఒక పక్కకే అరిగితే పుల్లీ, కేబుల్ ఒకే వరసలో లేవు, బ్రాకెట్ చూడాలి. ఒక్కచోటే అరిగి కేబుల్ అచ్చు పడి ఉంటే బేరింగ్ పట్టేసింది. పుల్లీ తిరగడం మానేసింది, కేబుల్ దాని మీద రాసుకుంటూ జారుతోంది. ఇక్కడ పుల్లీ మార్చినా సరిపోదు, అన్నాళ్లూ దానిమీద రుద్దుకున్న కేబుల్ ముక్కను కూడా పరీక్షించాలి. సీల్డ్ బేరింగ్‌కు బయటి నుంచి నూనె పట్టిస్తే లోపలికి పోదు, దుమ్మును మాత్రం పోగేస్తుంది.

పుల్లీలు బాగుంటే తర్వాత ఫెయిర్‌లీడ్లు (కేబుల్‌ను దారిలో ఉంచే గైడ్లు), యోక్ షాఫ్ట్ బుషింగులు, ఎయిలిరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పియానో హింజిలు. హింజి పిన్ను తుప్పు పట్టి ఉబ్బితే ఎయిలిరాన్ చేత్తో ఎత్తినా బరువుగా కదులుతుంది. అందుకే కేబుల్ విడదీసి సర్ఫేస్‌ను (ఎయిలిరాన్ లాంటి కదిలే పలకను) ఒక్కదాన్నే కదిపి చూస్తే లోపం ఎటువైపు ఉందో సగం తేలిపోతుంది. ఆటోపైలట్ ఉన్న విమానమైతే దాని సర్వో (కంట్రోల్స్‌ను కదిపే మోటారు) క్లచ్ పూర్తిగా వదలడం లేదేమో చూడాలి. ప్యానెల్ కింద ఈమధ్య ఎవరైనా రేడియో పని చేసి ఉంటే, కొత్త వైర్ల కట్ట యోక్ గొలుసుకు తగులుతోందేమో కూడా చూడండి. జారిపడిన పెన్ను, మరిచిపోయిన స్క్రూడ్రైవర్ కూడా యోక్‌ను పట్టేయగలవు. పని ముగిశాక పనిముట్లు లెక్కపెట్టి అప్పగించే పద్ధతి అందుకే.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. పట్టేసిన యోక్‌ను బలంగా లాగి 'విడిపోయింది, ఇప్పుడు బాగుంది' అని బయల్దేరకండి. విడిపోయినది మళ్లీ ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పలేం.

యోక్ చివరిదాకా వెళ్తోంది, సర్ఫేస్ వెళ్లడం లేదు

2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ సంస్థ 5481 విమానం టేకాఫ్ కాగానే కూలి, అందులోని 21 మందీ చనిపోయారు. రెండు రోజుల ముందు మెయింటెనెన్స్‌లో ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ కదిపే తోక పలక) కేబుల్ టెన్షన్ సర్దారు. మాన్యువల్‌లోని కొన్ని మెట్లు వదిలేశారు. టర్న్‌బకుల్ తప్పుగా సర్దడంతో ముక్కును కిందికి దించే వైపు ఎలివేటర్ కదలిక బాగా తగ్గిపోయింది. ఆ రోజు విమానం బరువు పరిమితి దాటి, వెనక్కి మొగ్గి ఉంది. లేచిన ముక్కును దించడానికి పైలట్లకు ఎలివేటర్ చాలలేదు. అది పెద్ద టర్బోప్రాప్ కావచ్చు, టర్న్‌బకుల్ మాత్రం మన సెస్నాలో ఉన్నలాంటిదే.

కాబట్టి టెన్షన్ సర్దిన ప్రతిసారీ సర్ఫేస్ మీద ప్రొట్రాక్టర్ పెట్టి, పైకి ఎన్ని డిగ్రీలు, కిందికి ఎన్ని డిగ్రీలు అని మాన్యువల్‌తో సరిచూడాలి. ముందు సర్ఫేస్ దగ్గరి స్టాప్ (కదలికను ఆపే అడ్డు) తగలాలి, ఆ తర్వాతే కాక్‌పిట్‌లోని స్టాప్. వరస తిరగబడితే రిగ్గింగ్ (కేబుళ్ల, పలకల అమరిక) తప్పు.

స్టాప్ అరిగినా వంగినా కదలిక పరిమితి దాటుతుంది, అదీ ప్రమాదమే. సెస్నా 150, 152ల్లో రడ్డర్ (తోక మీది నిలువు పలక) స్టాప్‌ను దాటిపోయి ఇరుక్కునే ప్రమాదం ఉందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2009లో ఏడీ (తప్పనిసరి భద్రతా ఆదేశం) 2009-10-09 ఇచ్చింది: మెరుగుపరచిన స్టాప్ కిట్ వేయాలి, లేదా స్పిన్‌లు (గిరగిరా తిరుగుతూ కిందికి దిగడం) చేయరాదని ప్లకార్డు పెట్టాలి. మీరు నడిపే విమానానికి ఏది చేశారో లాగ్‌బుక్‌లో వెతికి చూడండి.

గాల్లో వేగం పెరిగితే యోక్ అదురుతోంది

ఇది ఫ్లట్టర్ (గాలికి సర్ఫేస్ తనంతట తానే పెరుగుతూ అదరడం) అయితే క్షణాల్లో తోక ఊడిపోవచ్చు. పవర్ తగ్గించండి, వేగం తగ్గించండి, యోక్ గట్టిగా పట్టుకోండి, దగ్గర్లో దిగండి. మళ్లీ అదే వేగానికి వెళ్లి 'నిర్ధారించుకునే' ప్రయత్నం వద్దు.

కింద వెతకాల్సినవి: అరిగిన హింజి, ట్రిమ్ ట్యాబ్‌లో (సర్ఫేస్ వెనక అంచున ఉండే చిన్న పలకలో) పరిమితి దాటిన వదులు, ఊడిన బ్యాలెన్స్ వెయిట్, కొత్తగా వేసిన రంగు. ఉప్పుగాలికి రంగు పోయిందని పాత పొర మీదే మళ్లీ వేయించడం ఇక్కడ మామూలు. హింజికి వెనక చేరిన ప్రతి పొరా సర్ఫేస్ బ్యాలెన్స్‌ను మారుస్తుంది. రంగు వేశాక, ప్యాచ్ వేశాక మాన్యువల్ చెప్పినట్టు సర్ఫేస్‌ను మళ్లీ బ్యాలెన్స్ చేయాలి. డ్రెయిన్ రంధ్రాలు కూడా చూడండి. కుమ్మరి పురుగు మట్టితో పూడ్చేస్తే వాననీరు లోపలే నిలిచి వెనక బరువు పెరుగుతుంది.

ఒక పక్కకు లాగుతోంది

ముందు రెండు రెక్కల్లో ఇంధనం సమానంగా ఉందా, ఫ్లాపులు సమానంగా దిగుతున్నాయా చూడాలి. తర్వాతే రిగ్గింగ్. ఎయిలిరాన్ వెనక అంచును చేత్తో వంచి సర్దే అలవాటు ఎక్కడ కనిపించినా ఆపండి.

తుఫాను వెళ్లాక

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ విమానాశ్రయం టెర్మినల్ ఏమైందో మనందరం చూశాం. అంత గాలి అక్కర్లేదు, తోక వైపు నుంచి గట్టి ఈదురుగాలి కొడితే చాలు, సర్ఫేస్‌లు స్టాప్‌లకు దబదబా కొట్టుకుంటాయి. బయటికి గీత కూడా పడదు. లోపల హింజి బ్రాకెట్ పగిలి ఉంటుంది, బెల్‌క్రాంక్ వంగి ఉంటుంది. అందుకని పెనుగాలి తర్వాత తనిఖీ కవర్లన్నీ విప్పి స్టాప్‌లు, బ్రాకెట్లు, రివెట్లు చూడాలి.

నిలిపినప్పుడు సర్ఫేస్‌లు ఊగకుండా పట్టి ఉంచే కంట్రోల్ లాక్‌కు (గస్ట్ లాక్ అన్నా అదే) ఎర్ర రిబ్బన్ తప్పనిసరి. 1935 అక్టోబర్ 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 గస్ట్ లాక్ తీయకుండా లేచి కూలింది. పైలట్ల చెక్‌లిస్టు వాడకం అక్కడి నుంచే ఊపందుకుంది.

ఎడమకు తిప్పితే కుడికి వెళ్తోంది

కేబుళ్లు తారుమారుగా కలిపితే ఇలా అవుతుంది. 1947 ఆగస్టు 23న యావ్రో ట్యూడర్ 2 ఇలాగే కూలింది. లాంకాస్టర్ బాంబర్‌ను రూపొందించిన రాయ్ చాడ్విక్ అందులోనే చనిపోయారు. 'కంట్రోల్స్ ఫ్రీ' అంటూ యోక్‌ను గిరగిరా తిప్పితే ఈ తప్పు దొరకదు. బొటనవేళ్లు నిటారుగా పెట్టి యోక్ పట్టుకుని తిప్పండి, వేళ్లు ఎటు వాలితే అటువైపు ఎయిలిరాన్ పైకి లేవాలి. యోక్ వెనక్కి లాగితే ఎలివేటర్ వెనక అంచు పైకి, కుడి పెడల్‌కు రడ్డర్ వెనక అంచు కుడికి, ముక్కు పైకి ట్రిమ్ చేస్తే ట్యాబ్ కిందికి.

కంట్రోల్స్ విప్పినా, సర్దినా డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ జరగాలి. మొదట పని చేసిన అర్హుడు చూస్తాడు, తర్వాత ఆ పనిలో చెయ్యి పెట్టని మరో అర్హుడు మొదటి నుంచీ చూస్తాడు. 'అన్నా, నువ్వు చూశావుగా, నేనూ సంతకం పెట్టేస్తా' అంటే అది ఒక్క తనిఖీయే. రెండో సంతకం తర్వాత, ఎగిరేలోపు ఎవరైనా ఒక్క లాక్‌వైర్ కదిపినా రెండూ మళ్లీ చేయాలి.

గాల్లో ఎలివేటర్ పనిచేయకపోతే

కేబుల్ తెగి ఎలివేటర్ స్వేచ్ఛగా ఊగుతుంటే ట్రిమ్ చక్రం మామూలు దిశలోనే పనిచేస్తుంది. ఎలివేటర్ పట్టేసి కదలకపోతే ట్యాబే చిన్న ఎలివేటర్‌లా మారి ట్రిమ్ తలకిందులుగా పనిచేస్తుంది, ముక్కు పైకి తిప్పితే దిగుతుంది. అందుకే కొద్దికొద్దిగా తిప్పి ఎటు స్పందిస్తోందో చూసుకోండి. పవర్ నెమ్మదిగా మార్చండి, పొడవైన రన్‌వే ఎంచుకోండి, ఏటీసీకి వెంటనే చెప్పండి.

దిగాక స్నాగ్ రాసేటప్పుడు 'కంట్రోల్స్ హార్డ్' అని రెండు మాటలతో వదిలేయకండి. ఏ కంట్రోల్, ఎటు తిప్పినప్పుడు, ఎంత వేగంలో, ఫ్లాపులు ఎంత, ఎండలో నిలిపి ఉంచారా, నేల మీద కూడా ఉందా, గాల్లోనేనా అని రాయండి. మరుసటి పొద్దున కవరు విప్పే మనిషి ఏ పుల్లీ నుంచి మొదలుపెట్టాలో ఆ వాక్యాన్ని చూసే తేల్చుకుంటాడు.