గర్భస్రావ చట్టంలోని ఆంక్షల మీద కలెక్టరేట్ ముందు ధర్నా చేయడం ఎలా?

ఆడవాళ్ల సమస్యల మీద విజయనగరం, శ్రీకాకుళం లాంటి మన జిల్లా కేంద్రాల్లో జరిగే ధర్నాలు ఎక్కువగా ఒకే చోట చెడిపోతాయి. టెంటు బాగానే వేస్తారు, జనం వస్తారు, మర్నాడు పేపర్లో ఫోటో పడుతుంది. వినతిపత్రం మాత్రం ముందు రోజు రాత్రి ఎవరో ఒకరు వాట్సాప్‌లో వచ్చిన ముక్కలు అతికించి తయారు చేస్తారు. అందులో ఏముందో పట్టుకెళ్లి ఇచ్చేవాళ్లకే తెలీదు. గర్భస్రావం విషయంలో ఇలా చేస్తే మనం అడిగినదానికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. ఎలాగో వినతిపత్రం దగ్గరకు వచ్చాక చెబుతాను. ముందు చిన్న పనులు తేల్చేద్దాం.

సామాన్లు

షామియానా, కింద పరచడానికి పట్టాలు, చేతి మైకు, చార్టులు, లావుపాటి స్కెచ్ పెన్నులు, మంచినీళ్ల క్యాన్లు, ఎండాకాలమైతే మజ్జిగ. అంతే. ఫ్లెక్సీ వద్దు. ఫ్లెక్సీ అనగానే దాని మీద ఎవరి ఫోటో ఉండాలి, ఎవరి పేరు ముందుండాలి అనే గొడవ మొదలవుతుంది. చేత్తో రాసిన చార్టును జనం ఆగి చదువుతారు. కొవ్వొత్తుల ర్యాలీ అసలే వద్దు. చనిపోయినవాళ్ల కోసం వెలిగించే కొవ్వొత్తి పట్టుకుని చట్టం మార్చమని అడగడమేంటో నాకు అర్థం కాదు. పైగా చీకటి పడ్డాక కలెక్టరేట్‌లో వినేవాళ్లెవరుంటారు?

రోజు, చోటు

సోమవారం. ఇంకో రోజు పెట్టకండి. సోమవారం ఉదయం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్ ఉంటుంది. జనం ఇప్పటికీ గ్రీవెన్స్ అనో స్పందన అనో అంటారు. కలెక్టరుతో పాటు జిల్లా అధికారులు ఒకే హాల్లో దొరికేది ఆ రోజే. మంగళవారం వెళితే కాగితం ఏదో సెక్షన్‌లో ఇచ్చి రావాలి. విజయనగరంలో పైడితల్లి సిరిమాను ఉత్సవం, శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమి, ఈ రెండింటి చుట్టుపక్కల వారాలు వదిలేయండి. పోలీసులంతా బందోబస్తులో ఉంటారు, పండగయ్యాక రమ్మంటారు.

ఆసుపత్రి గేటు ముందు ధర్నా పెట్టకండి. విజయనగరంలో ఘోషాసుపత్రి ముందు, శ్రీకాకుళంలో సర్వజన ఆసుపత్రి ముందు టెంటు వేద్దామని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. ఆసుపత్రికి 100 మీటర్ల లోపు నిశ్శబ్ద ప్రాంతం, అక్కడ మైకు పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. ఆ నిబంధన లేకపోయినా నేను ఒప్పుకోను. ఆ రోజు అదే పని మీద ఆ గేటు దాటాల్సిన ఆడమనిషి మన జనాన్ని, ఫోన్ కెమెరాల్ని చూసి వెనక్కి వెళ్లిపోతే ఆ ధర్నా ఎవరి కోసం చేసినట్టు? శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్, విజయనగరంలో మూడు లాంతర్లు కూడా దండగే. హారన్ల మోతలో మనం చెప్పేది ఒక్క ముక్క వినపడదు.

పర్మిషన్

ఆ ప్రాంతం పోలీసు స్టేషన్ ద్వారా డీఎస్పీకి దరఖాస్తు పెట్టండి. తేదీ, చోటు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎంతమంది వస్తారు, బాధ్యులు ఎవరు, వాళ్ల ఫోన్ నంబర్లు రాయాలి. మైకుకు విడిగా అడగాలి. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా స్టేషన్ నుంచి కదలకండి. “సెక్షన్ 30 అమల్లో ఉందమ్మా” అని పంపేయడం మామూలే. 1861 పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ సభలను, ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి ఉంది. అది ఉంటే పర్మిషన్ అడగాలి, అడగడానికే వీల్లేదని అర్థం కాదు. 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ వచ్చిన జీవో నంబరు 1ని అదే ఏడాది మే 12న హైకోర్టు కొట్టేసింది. అయినా స్టేషన్‌లో వాదన పెట్టుకోకండి. ఇవ్వనంటే ఎందుకివ్వరో రాసిమ్మనండి, చాలాసార్లు అక్కడే మెత్తబడతారు. పాత 144, అంటే ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 163 కింద ఉత్తర్వు ఉంటే మాత్రం వేరే సోమవారం చూసుకోండి.

వినతిపత్రం

అసలు పని ఇది. వారం ముందే మొదలుపెట్టండి. ముగ్గురు కూర్చుని రాయండి, నాలుగో మనిషి చేత చదివించండి. ఆ నాలుగో మనిషికి ఈ చట్టం గురించి ఏమీ తెలియకపోతే ఇంకా మంచిది.

రాసే ముందు చట్టం ఏం చెబుతోందో తెలుసుకోవాలి. మన దేశంలో గర్భస్రావం హక్కు కదా అనుకుంటాం. భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 312, దాన్ని ఇప్పటికీ నేరంగానే చూస్తుంది. 1971 నాటి ఎంటీపీ (మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ) చట్టం కొన్ని షరతుల మీద డాక్టర్లకు ఇచ్చిన మినహాయింపు మాత్రమే మనకున్నది. 2021 సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు సరేననాలి. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు సరేననాలి, అదీ నిబంధనల్లో చెప్పిన కొన్ని వర్గాల ఆడవాళ్లకే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, ఇలా. 24 దాటితే పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు చెప్పాలి. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం చేయాల్సి వస్తే వారాల లెక్క లేదు. మొత్తంలో ఎక్కడా ఆ ఆడమనిషి “నాకు వద్దు” అంటే సరిపోయే చోటు లేదు. మన నిరసన దీని మీద. ఇది వినతిపత్రంలో మొదటి నాలుగు లైన్లలోనే రావాలి.

ఇప్పుడు ప్రమాదం సంగతి. గర్భస్రావ హక్కు అని మైకులో అనగానే వినేవాళ్లలో సగం మందికి తోచేది స్కానింగ్ సెంటర్లు, ఆడపిల్లల్ని కడుపులోనే తీయించేయడం. “ఏటమ్మా, ఆడపిల్లల్ని చంపీమంటన్నారా?” అని టెంటు ముందు ఎవరో ఒక పెద్దావిడ అడిగి తీరుతుంది. ఆవిడ తప్పు లేదు. ఆడపిల్లలను బతకనివ్వాలని గోడల మీద రాతలు చూస్తూనే ఉంది. ఆ రాతల వెనకున్నది 1994లో వచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం. లింగ నిర్ధారణను ఆపడానికి వచ్చింది, ఉండాల్సిందే. ఎంటీపీ చట్టం వేరు. వినతిపత్రంలో ఈ రెండూ కలిసిపోయాయా, అయిపోయినట్టే. ఒక ఊళ్లో ఇలాగే ఆడపిల్లల రక్షణ, గర్భస్రావ హక్కు ఒకే పేరాలో రాసి ఇచ్చారు. దాన్ని చదివిన అధికారి ఆసుపత్రుల మీద నిఘా పెంచమని రాసి కింది ఆఫీసుకు పంపేశారు. నిఘా పెరిగితే భయపడే డాక్టరు చట్టబద్ధమైన కేసు కూడా ముట్టుకోరు, విశాఖ కేజీహెచ్‌కు రాసేస్తారు. మనం తలుపు తెరవమని వెళ్లి తాళం వేయించుకుని వచ్చినట్టు.

అందుకని రెండో పేరా ఇలా రాయండి, మాటలు మార్చకండి: “లింగ నిర్ధారణ పరీక్షలను నిషేధించే చట్టాన్ని మేము సమర్థిస్తున్నాము. ఈ వినతి ఎంటీపీ చట్టంలోని షరతుల గురించి మాత్రమే. మొదటి చట్టం పేరు చెప్పి రెండో చట్టం కింద సేవలు నిరాకరించవద్దని కోరుతున్నాము.”

రెండో జాగ్రత్త, ఎవరిని ఏది అడగాలో తెలియాలి. ఎంటీపీ పార్లమెంటు చేసిన చట్టం. 24 వారాల గీత చెరపమని కలెక్టరును అడిగితే ఆయన ఏం చేస్తారు? ఎమ్మెల్యే గారి దగ్గరికి పరుగెత్తడం కూడా అంతే. కాబట్టి రెండు కాగితాలు ఉండాలి. ఒకదాన్ని కలెక్టరు ద్వారా కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రికి రాయండి, కాపీ ఎంపీకి. తొలి వారాల్లో ఆడమనిషి కోరితే చాలనాలి, 20–24 మధ్య వర్గాల జాబితా తీసేయాలి, నేరాల జాబితా నుంచి గర్భస్రావాన్ని తప్పించాలి. ఇవి అందులో రావాలి.

రెండోది జిల్లాలో చేయగలిగిన పనుల కాగితం, నా దృష్టిలో ఇదే ముఖ్యం. ప్రైవేటు ఆసుపత్రులకు ఈ సేవల అనుమతి ఇచ్చే జిల్లా కమిటీకి అధ్యక్షత జిల్లా ఆరోగ్యాధికారి, అంటే డీఎంహెచ్‌ఓదే. అనుమతి పత్రం అందరికీ కనిపించేలా ఆసుపత్రిలో పెట్టాలని నిబంధన ఉంది. అనుమతి ఉన్నవాటి జాబితా ప్రతి పీహెచ్‌సీలో తెలుగులో అంటించమనండి. మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెడితే మూడు రోజుల్లో నిర్ణయం చెప్పాలి, ఒప్పుకుంటే దరఖాస్తు పెట్టిన ఐదు రోజుల్లోపు పని పూర్తవ్వాలి. ఆ దరఖాస్తు జిల్లాలో ఎక్కడ, ఎవరికి ఇవ్వాలో బోర్డు పెట్టమనండి. ఇవి కలెక్టరు చేయించగలరు. చేయించలేదంటే వచ్చే నెల అడగడానికి మనకు ముఖం ఉంటుంది.

మూడో జాగ్రత్త, ఉన్నదాన్ని అడగొద్దు. పెళ్లికానివాళ్లకు కూడా అవకాశం ఇవ్వాలి అని ఇప్పటికీ రాస్తున్నారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చేసింది: 20–24 వారాల మధ్య పెళ్లయినవాళ్లు, కానివాళ్లు అనే తేడా చూపకూడదు. భర్త సంతకం అక్కర్లేదని చట్టం తేవాలి అని ఇంకో డిమాండు. 18 ఏళ్లు నిండిన ఆడమనిషి ఒక్క సంతకం చాలని చట్టంలో ముందే ఉంది. కుటుంబ సభ్యుల సంతకాలు, లేనిపోని కాగితాలు అడగొద్దని అదే తీర్పు చెప్పింది. లేదని మనమే రాసిస్తే, భర్తను తీసుకురమ్మనే ఆసుపత్రికి మనమే సర్టిఫికెట్ ఇచ్చినట్టవుతుంది. “ఉన్నదాన్ని అమలు చేయండి” అని రాయండి, తీర్పు తేదీ వేయండి.

అమెరికా చార్టులు ఎందుకు వద్దంటానో కూడా ఇక్కడే చెప్పాలి. ఈ విషయం అనగానే కాలేజీ పిల్లలు అక్కడి నినాదాలు పట్టుకొస్తారు. అక్కడ 1973లో కోర్టు ఇచ్చిన హక్కును 2022 జూన్ 24న కోర్టే తీసేసింది, రాష్ట్రాలు ఆంక్షలు పెట్టుకున్నాయి. మనకు పార్లమెంటు కొంత ఇచ్చింది, మిగతాది డాక్టరు చేతిలో పెట్టింది. జబ్బు వేరైనప్పుడు మందు చీటీ అదే ఎలా అవుతుంది?

బదులుగా ఇక్కడి కారణాలు రాయండి. పిండంలో లోపాలు చూసే టిఫా స్కాన్ చేసేదే 18 నుంచి 22 వారాల మధ్య. రిపోర్టు చూసి, ఇంకో డాక్టరుకు చూపించి, డబ్బు సర్దుకునేసరికి ఎన్ని వారాలవుతుంది? మన పల్లెల నుంచి చెన్నై, హైదరాబాద్ భవన నిర్మాణ పనులకు వలస వెళ్లిన ఆడవాళ్లు ఆసుపత్రి ముఖం చూసేది ఊరికి తిరిగొచ్చాకే. తుపాను సంగతి మాత్రం మర్చిపోకండి. ప్రభుత్వం ప్రకటించిన విపత్తుల్లో చిక్కుకున్న గర్భిణులు కూడా ఆ 20–24 వారాల జాబితాలో ఉన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, అప్పటికి ఈ నిబంధన లేదు. ఇప్పుడుంది. విపత్తు ప్రకటించినప్పుడు ఈ సంగతి ఆశా కార్యకర్తల ద్వారా చెప్పించాలని రాయండి. ఇలాంటిది చూస్తే అధికారి పెన్ను తీస్తారు. కొండ ఊళ్ల గురించి రాసేటప్పుడు జిల్లా సరిచూసుకోండి. సీతంపేట, పార్వతీపురం 2022 ఏప్రిల్ నుంచి మన్యం జిల్లాలో ఉన్నాయి. ఆ ఒక్క పొరపాటు దొరికితే “ఇది మాది కాదు” అని కాగితం మొత్తం తిప్పి పంపుతారు.

మైకు

ఎవరి అనుభవమూ మైకులో చెప్పించకండి. విలేకరులు అడుగుతారు, “బాధితురాలు ఎవరైనా ఉన్నారా మేడమ్” అని. లేరని చెప్పండి. పక్కనే ఉన్నా సరే. గర్భస్రావం చేయించుకున్న మనిషి పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు శిక్ష వేయొచ్చని 2021 సవరణలో ఉంది. డాక్టరు దాచాల్సిన పేరు మనం మైకులో చెప్పడం ఏం న్యాయం? మైనరు అమ్మాయి కేసైతే ఊరి పేరు, బడి పేరు కూడా రాకూడదు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు సమాచారం ఇవ్వాల్సి వచ్చినా, ఆ అమ్మాయి, ఆమె సంరక్షకులు కోరితే పేరు చెప్పనక్కర్లేదని 2022 తీర్పు డాక్టర్లకు వెసులుబాటు ఇచ్చింది. ఇది తెలియక ఎన్ని కుటుంబాలు నాటు వైద్యం దారి పడుతున్నాయో.

మాట్లాడేవాళ్లు ఇద్దరు చాలు. ఒకరు చట్టం చెప్పాలి, ఇంకొకరు వచ్చినవాళ్ల ప్రశ్నలకు జవాబివ్వాలి. ఆ పెద్దావిడ ప్రశ్నకు అరిచి జవాబివ్వకండి. “లేదమ్మా, ఆడపిల్లని తెలిసి తీయించడం నేరమే, ఉండనీయండి. బిడ్డకి బుర్ర ఎదగలేదని ఐదో నెలలో తెలిసిన తల్లి ఎటెళ్లాల అని అడుగుతన్నాం” అంటే ఆవిడే పక్కవాళ్లకు చెబుతుంది.

ఇవ్వడం, ఆ తర్వాత

నలుగురైదుగురు లోపలికి వెళ్లండి. రెండు కాగితాలకూ రెండేసి కాపీలు. అర్జీ నంబరు ఉన్న రసీదు తీసుకోండి. డీఎంహెచ్‌ఓ ఉంటే రెండో కాగితం ఆయన చేతికి విడిగా ఇవ్వండి.

రసీదు వచ్చిందని టెంటు విప్పి ఇంటికెళ్లిపోకండి. అదే వారం డీఎంహెచ్‌ఓ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లు పెడితే అదీ అక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు: ఎంటీపీ అనుమతి ఉన్న ఆసుపత్రులు మండలాల వారీగా ఏవి, జిల్లా కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, మెడికల్ బోర్డుకు వెళ్లిన దరఖాస్తుల మీద ఎన్ని రోజుల్లో నిర్ణయం వచ్చింది. రోగుల పేర్లు అడగకండి, అడిగారని దరఖాస్తు తోసేస్తారు. 30 రోజుల్లో జవాబు రావాలి. వస్తే దాన్ని తర్వాతి సోమవారం వినతిపత్రానికి జత చేయండి. రాకపోతే మొదటి అప్పీలు వేసి, ఆ అప్పీలు కాపీ జత చేయండి.