పాత క్యాలెండరుతో కొత్త సంవత్సరపు అభినందన

జనవరి ఒకటిన తోటి రచయితలకు ఫోన్ చేసినప్పుడు, ఏడాదిలో వారి కథలు ఎన్నో చదివి కూడా పేర్లు గుర్తుకు రాక "బాగా రాస్తున్నారండీ" అనడంతోనే సరిపెట్టడం నాకు చాలాకాలం ఇబ్బందిగా ఉండేది. తిరుపతిలో మా ఇంటి గోడకు వేలాడే దేవస్థానం వారి పన్నెండు పేజీల క్యాలెండరే దీనికి పరిష్కారమైంది.

కథో కవితో నచ్చిన రోజునే, ఆ తేదీ గడిలో రచయిత ఇంటిపేరులోని మొదటి అక్షరాన్నీ, మనసులో నిలిచిన దృశ్యాన్ని గుర్తుచేసే రెండు మాటలనూ (ఉదాహరణకు "వే. – ఎండిన బావి" అని) రాసుకోవాలి. నున్నటి కాగితంపై పెన్సిల్ పట్టదు, గోడకు ఆనించి రాస్తే బాల్ పెన్ను మధ్యలో ఆగిపోతుంది కనుక, క్యాలెండరును మేకు నుంచి దించి బల్లపై పెట్టి రాయడం మేలు. పత్రికలో రచన కింద చిరునామా ఉంటే క్యాలెండరులో ఆ నెల పేజీ వెనుక రాసి ఉంచాలి. డిసెంబరులో వెతుకులాట తప్పుతుంది.

డిసెంబరు 20 ప్రాంతంలో నెలకొకరి చొప్పున పన్నెండుగురిని ఎంచుకొని, ఆ దృశ్యాన్ని ప్రస్తావిస్తూ ఒక్కొక్కరికి మూడు నాలుగు వాక్యాల పోస్టుకార్డు రాస్తే, రెండు సాయంత్రాలలో పని పూర్తవుతుంది.

ధారావాహికలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వారం వారం గడులు నిండిపోయి ఏది ఎందుకు నచ్చిందో తెలియకుండా పోతుంది కాబట్టి, వాటిని ముగింపు భాగం చదివిన రోజునే రాసుకోవాలి.