ఇనుపరాయి ఎలా పుట్టిందో ఐసోటోపులతో తేల్చడం ఎలా

జగిత్యాల, కరీంనగర్ వైపు కొన్ని గుట్టల మీద నలుపు, తెలుపు చారలున్న రాయి కనిపిస్తుంది. నల్లచార మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం, తెల్లచార పలుగు (క్వార్ట్జ్). అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంటుంది. ఇలాంటి రాయి పాత సముద్రం అడుగున పేరుకున్నదా, శిలాద్రవం నుంచి గడ్డకట్టిందా, వేడినీళ్లు మోసుకొచ్చిందా అని తేల్చడానికి స్థిర ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉండి కాలంతో క్షీణించని పరమాణువులు, పనికొస్తాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి దీన్ని ఎంచుకునేవాళ్లకి నా మాట ఒకటే, మెషీన్ ఇచ్చే అంకె కన్నా గుట్ట మీద మీరు రాసుకున్న నోటుబుక్కు ముఖ్యం.

ఒర్రెలో దొరికిన రాయి వద్దు, అది ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చిందో తెలియదు. నేల నుంచి పొడుచుకొచ్చిన బండనే పగలగొట్టి, తుప్పుపట్టిన పైపెచ్చు తీసేసి, లోపలి తాజా ముక్క తీసుకోండి. ఎందుకంటే వాననీళ్లకి మాగ్నటైట్ మెల్లగా ఇంకో ఇనుప ఖనిజమైన హెమటైట్‌గా మారిపోతుంది, అప్పుడు మీరు కొలిచేది రాయి పుట్టుకని కాదు, నిన్నమొన్నటి వానల్ని. అనుమానముంటే మెరుపు లేని పింగాణీ పలక మీద గీయండి: నల్లగీత మాగ్నటైట్, ఎర్రగీత హెమటైట్. ఒక్క ముక్కతో ఆగకుండా చార తర్వాత చార తీసి, జీపీఎస్ రాసుకోండి. అడవి భూమైతే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ల్యాబ్‌లో పలుచటి సెక్షన్ (వెలుతురు దూరేంత సన్నగా అరగదీసిన రాతి పలక) చూశాక, అగేట్ రోలులో నూరి, మైక్రోస్కోపు కింద శుభ్రమైన గింజలు ఏరాలి. ఆక్సిజన్ కోసం గింజని లేజర్‌తో ఫ్లోరిన్ వాయువులో కాల్చి, విడుదలైన ఆక్సిజన్‌ని కొలుస్తారు. ఇనుము కోసం ఆమ్లంలో కరిగించి, ఇనుముని మిగతా మూలకాల నుంచి వేరుచేసే రెజిన్ కాలమ్‌లో శుద్ధిచేసి, ఐసోటోపుల నిష్పత్తిని కొలిచే మల్టీ కలెక్టర్ మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఇస్తారు. చాలామంది దెబ్బతినేది ఈ కాలమ్ దగ్గరే. బరువు ఐసోటోపులు, తేలిక ఐసోటోపులు ఒకేసారి కిందికి దిగవు, కాబట్టి కొంచెం ఇనుము కాలమ్‌లో మిగిలిపోయినా అంకె తప్పుతుంది. పోసినదంతా తిరిగొచ్చిందో లేదో ప్రతిసారీ చూసుకోండి.

లెక్క సులువే. నమూనాలోని ఇనుము-56, ఇనుము-54 ఐసోటోపుల నిష్పత్తిని (56/54) ఐఆర్ఎంఎం-014 అనే ప్రామాణిక ఇనుము నిష్పత్తితో భాగించి, ఒకటి తీసేసి, వెయ్యితో గుణిస్తే డెల్టా 56 వస్తుంది.

శిలాద్రవం నుంచి నేరుగా పుట్టిన మాగ్నటైట్‌లో ఇది సున్నాకి కొంచెం పైన, +0.5 లోపు ఉంటుంది, ఆక్సిజన్ డెల్టా 18 (ఆక్సిజన్-18, 16 నిష్పత్తికి దాని ప్రామాణికంతో ఇలాగే వేసే లెక్క) సుమారు +1 నుంచి +4. స్వీడన్‌లోని కిరునా ఇనుప గని రాయి ఎలా పుట్టిందని ఏళ్లుగా సాగిన వాదనలోనూ ఈ జోడీనే వాడారు. సముద్రపు చారల రాయిలో మాత్రం ఇనుము అంకె సున్నాకి అటూ ఇటూ బాగా ఊగుతుంది, నీళ్లలోని ఇనుము కొంతే ఆక్సీకరణమైతే పేరుకున్నది బరువుగా, నీళ్లలో మిగిలింది తేలికగా అవుతుంది కదా. ఒక్క చార అంకె +0.3 వచ్చిందని శిలాద్రవమే అని రాసేయకండి, సముద్రపు రాయికీ అదే రావచ్చు.

మన కరీంనగర్ రాళ్లతో ఇంకో చిక్కు. అవి భూమి లోతుల్లో విపరీతంగా వేడెక్కాయి, ఆ వేడిలో పలుగు, మాగ్నటైట్ ఆక్సిజన్ మార్చుకుంటాయి. ఆ రెండింటి తేడా రాయి పుట్టుక కన్నా అది చూసిన ఉష్ణోగ్రతనే ఎక్కువ చెబుతుంది. ఇక్కడ నేనైతే ఇనుము అంకెనే ముందు నమ్ముతాను.

ఉక్కుకి పేరుపడ్డ నిజామాబాద్ జిల్లా కోనసముద్రం లాంటి ఊళ్లలోని చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలిన వ్యర్థం) ఏ గుట్ట రాయిదో వెతకడానికీ ఇదే దారి, దాంతోపాటు ఇతర మూలకాల విశ్లేషణ కూడా చేయించాలి. కానీ పురావస్తు శాఖని అడగకుండా చిట్టెం దిబ్బ మీద సుత్తి వేయకండి.