కత్తి పట్టుకున్న మనిషితో మాట్లాడటం: స్టేషన్ సిబ్బందికి శిక్షణ ఇలా ఇవ్వండి

మానసిక సంక్షోభంలో ఉన్న మనిషిని మాటలతో శాంతింపజేయడం పోలీసులకు నేర్పే పద్ధతి అమెరికాలోని మెంఫిస్‌లో 1988లో మొదలైంది, దానికి 40 గంటలు కావాలి. బందోబస్తు డ్యూటీల మధ్య మన స్టేషన్లలో అంత తీరిక ఎక్కడిది? రెండు పూటలు దొరికినా చాలు. చట్టాన్ని గంటలో ముగించి, మిగతా సమయమంతా నటన మీద, అంటే అలాంటి ఘటనను పాత్రలుగా ఆడించడం మీద, పెట్టండి. 15 మందిని మించనివ్వకండి, మించితే వెనక వరుస సినిమా చూసినట్టు చూస్తుంది.

చట్టంలో ముఖ్యమైనది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017), సెక్షన్ 100. మానసిక అనారోగ్యంతో తనను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం అరెస్టు కాదు. లాకప్‌లో పెట్టకూడదు. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఇల్లూవాకిలీ లేనివారైతే మిస్సింగ్ ఎఫ్ఐఆర్ కట్టి కుటుంబాన్ని వెతకాలి.

ఇక నటన. రోగి పాత్ర కానిస్టేబుల్‌కి ఇస్తే నవ్వులాటైపోతుంది. మానసిక విభాగం నర్సును పిలిచి, చేతికో చీటీ ఇవ్వండి: 'వయసు 26. మూడు రాత్రులుగా నిద్ర లేదు. నీళ్లలో విషం కలిపారని ఓ గొంతు చెబుతోంది. చేతిలో కూరగాయల కత్తి. అక్క మాట ఒక్కటే వింటాడు.'

జీపు సైరన్ వీధి మొదట్లోనే ఆపించండి. లోపలికి వెళ్లేముందు ఇంటివాళ్లను మూడే అడగాలి: మందులు మానేశాడా, చేతిలో ఏముంది, ఎవరి మాట వింటాడు? మాట్లాడేది ఒక్కరే. రెండోవారి కళ్లు అతని చేతుల మీద, మూడోవారు జనాన్ని పంపేసి 108కి ఫోన్ చేస్తారు. మధ్యలో మంచమో బల్లో అడ్డం ఉండాలి, గుమ్మానికి మాత్రం అడ్డుగా నిలబడకూడదు.

"అన్నా, స్టేషన్ నుంచి వచ్చాను. కొట్టను. కత్తి కింద పెట్టు, మాట్లాడుకుందాం."

తర్వాత మనసులో పది లెక్కపెట్టాలి. ఆ నిశ్శబ్దాన్ని ఎవరూ భరించలేరు. కాసేపటికే పక్కనుంచి ఎవరో "ఏయ్, పడెయ్!" అని అరుస్తారు. అక్కడే ఆపి, మళ్లీ మొదటినుంచి చేయించండి. గొంతుల మాట వస్తే "అదంతా నీ భ్రమ" అని కొట్టిపారేయొద్దు, "నాకూ వినిపిస్తోంది" అని అబద్ధమూ ఆడొద్దు. "నాకు వినిపించట్లేదు, కానీ నీకెంత భయంగా ఉందో తెలుస్తోంది" అంటే చాలు.

తప్పక పట్టుకోవాల్సి వస్తే బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టొద్దు, ఊపిరాడక ప్రాణం పోవచ్చు.

దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగం నంబరు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, స్టేషన్ రికార్డులు రాసే రైటర్ బల్ల మీద అతికించండి. జనరల్ డైరీలో 'పిచ్చివాడు' అని రాయనివ్వకండి. ఏం చేశాడో, ఏమన్నాడో, ఎన్ని గంటలకో రాయాలి. డాక్టరుకు పనికొచ్చేది అదే.