సైకిల్ మీద గుట్ట ఎక్కే టార్గెట్‌కు చిన్న లెక్క

నెల మొదట్లో 'ఈసారి నెల మొత్తం మీద వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి' అనుకోవడం, 25వ తారీఖుకు చూస్తే సగం కూడా కాకపోవడం. నాకు చాలా నెలలు ఇదే కథ.

ఇప్పుడు మీటర్లు వదిలేసి ఎన్నిసార్లు ఎక్కానో లెక్కపెడుతున్నా. మహబూబ్‌నగర్ వాళ్లయితే మన్యంకొండ రోడ్డు లాంటిది ఒకటి పట్టుకుని, కింది నుంచి పైదాకా ఎంత ఎత్తో యాప్‌లో ఒక్కసారి చూసుకోండి. 80 మీటర్లు వచ్చిందనుకోండి, వెయ్యికి 13 సార్లు. దాన్ని మూడు వారాలకే పంచండి: 4, 4, 5. నాలుగో వారం ఖాళీ. వానో, పెళ్లో, పంక్చరో ఎలాగూ ఒక వారాన్ని తినేస్తుంది. ఎక్కిన ప్రతిసారీ గోడ క్యాలెండర్ మీద ఒక గీత. ఫోన్ ఒకే గుట్టకు రోజుకో ఎత్తు చూపిస్తుంటుంది, పట్టించుకోకండి. మొదటిసారి చూసిన ఎత్తునే ఖాయం చేసుకోండి.

ఏప్రిల్, మేలో మాత్రం ఈ లెక్క పనిచేయదు. పొద్దున ఎనిమిదింటికే ఎండ మాడుస్తుంది. ఆ రెండు నెలలు 13ని 6 చేసుకుని, ఆరింటికల్లా గుట్ట కింద ఉండండి. నీళ్లు రెండు బాటిళ్లు.